ఇరవై రెండో నిమిషం

జూన్ 4

సందేహానికి,

ఆశీస్సులు. నీ అసలు పేరుతో పిలిస్తే ఎవరో పక్కింటి పిల్లకు రాస్తున్నట్టుంటుంది. మూడేళ్ళప్పుడు "అదెందుకు, ఇదెందుకు" అని మా ఇద్దరి ప్రాణాలూ తోడేస్తుంటే మీ తాత పెట్టిన పేరే నాకు అలవాటు.

విషయానికి వస్తాను. నువ్వు పదో తరగతిలో ఉండగా కట్టిన కంప్యూటరు స్పృహ తప్పుతోంది. ముందు మెట్లెక్కుతున్న ముసలిదానిలా నెమ్మదిస్తుంది. ఆ తర్వాత ఫ్యాను రొప్పుతుంది. చివరికి తెర నల్లబడి గప్‌చిప్. పొగ లేదు, వాసన లేదు, తప్పు ఇదీ అని ఒక్క ముక్క చెప్పదు. పది నిమిషాలు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది. మాట మధ్యలో లేచి వెళ్ళిపోయి, కాసేపయ్యాక "ఏమిటి సంగతులు" అంటూ తిరిగొచ్చే చుట్టాలను చూశాను గానీ, యంత్రాన్ని చూడటం ఇదే మొదలు.

తొమ్మిదేళ్ళుగా నేను దానికి పెట్టిన కష్టమల్లా ప్రశ్నపత్రాలు టైపు చేయడం, పేపరు వాళ్ళకు తప్పులు ఎత్తి చూపుతూ ఉత్తరాలు రాయడం. ఇప్పుడు ఒక బరువైన పని అప్పగించాను. ఏమిటది అని అడక్కు. నీకు అడక్కుండా ఉండటం చేతకాదని తెలుసు. అయినా అడక్కు.

ఫోను చేద్దామంటే మీ ఆఫీసులో సెల్‌ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారాయె. నాకూ ఫోనులో మాట్లాడటం ఎప్పుడూ పడదు. మెయిలు రాయాలంటే ఆ పెట్టే కావాలి. పైనున్న మీ పిన్ని ఫోనులోంచి రాయొచ్చు గానీ, ఆ ఫోనులో పడ్డ మాట వీధి చివరిదాకా వెళ్ళి కాఫీ తాగి వస్తుంది. అందుకని కలం పట్టాను. చేతిరాత అర్థం కాకపోతే నీ చదువునే అనుమానించుకో.

కంప్యూటరు ఎప్పటిలాగే తాత బైండింగు గదిలో, పెద్ద బల్ల మీద, ఇనప ప్రెస్సు పక్కన ఉంది. ఏం చేయమంటావో వివరంగా రాయి. నాకు ఆట్టే టైము లేదు.

నానమ్మ

*

జూన్ 11

నానమ్మా,

ఉత్తరం చూసి మా సెక్యూరిటీ ఆయన "ఇంకా వీటిని రాసేవాళ్ళున్నారా" అని దాన్ని వెలుతురులో పెట్టి మరీ చూశాడు. ఉన్నారు, ఆవిడ మీ పేరు రాసుకుంటారు జాగ్రత్త అని చెప్పాను.

నీ పెట్టెకు వేడి చేసింది, అంతే. లోపల లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. అగ్గిపెట్టెంత ఉంటుంది. దాని మీద రెక్కలు రెక్కలుగా ఒక అల్యూమినియం దిమ్మ, ఆ దిమ్మ మీద ఫ్యాను. ప్రాసెసర్‌కి పుట్టిన వేడిని దిమ్మ లాక్కుంటుంది, దిమ్మలోని వేడిని ఫ్యాను ఊదేస్తుంది. ఇందులో ఎక్కడ అడ్డం పడ్డా వేడి పేరుకుపోయి నూరు డిగ్రీలకు దగ్గరవుతుంది. అప్పుడు కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతుంది. కాబట్టి దాన్ని తిట్టకు. అది ప్రాణం కాపాడుకుంటోంది.

ముందు నువ్వు కుట్టిన పూల ముసుగు తీసెయ్. తీశానంటావు, తెలుసు, అయినా ఒకసారి వెళ్ళి చూడు. పెట్టెను గోడకు జానెడు దూరం జరుపు. ప్లగ్గు పీకి, పక్క మూత విప్పి, లోపల దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులుపు. ఫ్యాను రెక్కలు వేలితో పట్టుకుని దులుపు, లేకపోతే గిర్రున తిరిగి పాడవుతుంది. ఉష్ణోగ్రత చూపించే చిన్న ప్రోగ్రాం అందులోనే పెట్టి ఉంచాను, తెర మీద ఎర్ర బొమ్మ. అంకెలు రాసి పంపు.

విచిత్రం చూశావా, నా ఉద్యోగమే చల్లబరచడం. మా రేడియో టెలిస్కోపు మధ్యలో ఉండే రిసీవర్‌ని మైనస్ రెండు వందల యాభై డిగ్రీల దగ్గర ఉంచాలి. కాస్త వెచ్చబడితే దాని రొద దానికే వినిపిస్తుంది, ఆకాశం నుంచి వచ్చే సన్నటి చప్పుడు అందులో మునిగిపోతుంది. దాన్ని చల్లగా ఉంచగలను గానీ మా నానమ్మ పెట్టెను ఉంచలేకపోతున్నాను.

బరువైన పని ఏమిటి? (అడక్కుండా ఉండటానికి రెండు పేరాలు ప్రయత్నించాను.)

సందేహం

*

జూన్ 18

సందేహానికి,

ముసుగు తీసే ఉంది. నువ్వు చెప్పావని వెళ్ళి చూశాను, అప్పుడూ తీసే ఉంది.

ముప్పై ఒక్కేళ్ళు పిల్లల చేత ప్రయోగాల పుస్తకాలు రాయించినదాన్ని, నా ప్రయోగం వినూ. మూత విప్పగానే బయటపడ్డది దుమ్ము కాదు, కాగితం పొడి. మీ తాత ఎన్ని వేల పుస్తకాల అంచులు కోశారో, ఆ తెల్లటి నూగంతా ఆయన పోయిన ఈ నాలుగేళ్ళూ అందులోనే కాపురముంది. ఆయన అట్టల మీద బంగారు అక్షరాలు వేశాక దులిపే మెత్తటి బ్రష్షు ఉండేదే, దానితోనే దులిపాను. చేటెడు వచ్చింది.

ఫలితం: అంతకుముందు పంతొమ్మిదో నిమిషంలో పడిపోయేది, ఇప్పుడు ఇరవై రెండో నిమిషంలో పడిపోతోంది. ఇంత చాకిరీకి మూడు నిమిషాలు!

అంకెలు అడిగావు. ఊరికే ఉంటే యాభై రెండు. పని మొదలుపెట్టిన పది నిమిషాలకు ఎనభై ఒకటి. ఇరవై రెండో నిమిషానికి తొంభై ఏడు, స్పృహ లేదు. నాలుగు రోజులు రోజుకు మూడుసార్లు రాశాను, పట్టిక జతచేస్తున్నాను.

ఇప్పుడు నీకు తెలియంది ఒకటి చెబుతాను. పెట్టె ఆగిపోగానే ప్లగ్గు పీకి ఆ అల్యూమినియం దిమ్మ అంచు ముట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది. ప్రాసెసర్ తొంభై ఏడు, దాని నెత్తిన కూర్చున్న దిమ్మ గోరువెచ్చన. ఇదెలా సాధ్యం? ఎనిమిదో తరగతి పాఠం. వేడి పుట్టిన చోటు నుంచి పక్కకు పోవడం లేదు. అంటే దిమ్మ మంచిదే, ఫ్యాను మంచిదే. ఆ రెండూ కలిసే చోట ఏదో తేడా ఉంది. అక్కడ కలిపింది ఎవరమ్మా? నీ చేతిపనే కదా!

ఆగస్టు దాటితే నాకు దీనితో పని ఉండదు. ఆలోపే తేలాలి. కాబట్టి టెలిస్కోపు వైపు కాస్త తక్కువ చూసి ఇటు చూడు.

నీ అంకెల పంతులమ్మ

*

జూన్ 25

నానమ్మా,

ఆగస్టు దాటితే పని ఉండదంటే ఏమిటి? తాత గది ఖాళీ చేస్తున్నారా? కిందటిసారి వచ్చినప్పుడు పిన్ని ఆ గదిని కుట్టు క్లాసుకు అడుగుతోందని విన్నాను. ప్రెస్సు ఏం చేస్తారు? ఆ బల్ల ఏం చేస్తారు? ఇలాంటివి నాకు చివర్న తెలుస్తాయి ఎప్పుడూ.

నా చేతిపని అంత చేటయితే ఆ పెట్టెను పక్కన పడెయ్. కొత్తది నేను పంపిస్తాను, వచ్చేసరికి ఐదారు వారాలు పడుతుంది. అందాకా ఓపిక పట్టు. దిమ్మను మాత్రం విప్పకు. అది విప్పడం కష్టం, ప్రాసెసర్ దానికి అతుక్కుని ఊడొస్తే అడుగున ఉండే సన్నటి లోహపు కాళ్ళు వంగిపోతాయి. ఎవరైనా మెకానిక్‌ని పిలిపించుకో.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

*

జూలై 2

అలిగిన సందేహానికి,

సంతకం కూడా పెట్టలేదు. అంత కోపమైతే కవరు మీద నా పేరు ముందు "శ్రీమతి" తీసేయాల్సింది, పూర్తిగా అర్థమయ్యేది.

గది ఖాళీ చేయడం ఏమిటి, నేను బతికుండగా? మీ పిన్ని అడిగిన మాట నిజమే. ప్రెస్సును నువ్వొక్కదానివే మోసి బయట పెట్టగలిగితే గది నీదే అన్నాను. అది రెండుసార్లు వెళ్ళి ప్రెస్సును చూసి వచ్చింది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పాపం, మంచిదే. తొందర ఎక్కువ.

ఆ తొందరే మొన్న నా కొంప మీదికి తెచ్చింది. నీకు పంపిన పట్టికకు నకలొకటి తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. అది చదివింది. "ఉదయం 52. పది నిమిషాలకు 81. ఇరవై రెండో నిమిషం 97, స్పృహ తప్పింది. మధ్యాహ్నం మళ్ళీ స్పృహ తప్పింది. సాయంత్రం మళ్ళీ." నేను రోజుకు మూడుసార్లు పడిపోతూ ఎవరికీ చెప్పకుండా పుస్తకంలో రాసుకుంటున్నాననుకుంది. నా స్వభావానికి సరిపోయేలాగానే ఉంది కాబట్టి దాన్నీ అనలేను. నేను ఈ గదిలో పెట్టె ముందు ఉండగా డాక్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చేసింది. ఆయన నా వెనక నిలబడి ఏదో అంటున్నారట. నేను తిరిగి చూసేసరికి చేతిలో స్టెతస్కోపుతో ఉన్నారు. రోగి నేను కాదండీ, ఇదీ అని పెట్టెను చూపించాను. ఆయనకు నవ్వు ఆగలేదు. మీ పిన్నికి ఏడుపు ఆగలేదు. చివరికి ముగ్గురం కాఫీ తాగాం.

మెకానిక్ కూడా వచ్చాడు. మూత విప్పకుండానే, "పాతదైపోయిందమ్మా, పారేసి కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ఆ లెక్కన నన్నేం చేయాలో కూడా చెప్పి వెళ్ళు నాయనా అన్నాను. వెళ్ళిపోయాడు.

బల్ల ఫ్యాను తెచ్చి తెరిచిన పెట్టెకు ఎదురుగా పెట్టాను. ముప్పై ఒక్క నిమిషాలు నిలబడింది. నాకు కావలసింది నలభై ఐదు. కొత్త పెట్టె ఐదారు వారాలంటున్నావు, అంత గడువు లేదు. ఎందుకు లేదన్నది నీకు అనవసరం.

ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. ఏడేళ్ళప్పుడు నా గోడ గడియారాన్ని పదహారు ముక్కలుగా విప్పిన పిల్లవి. అలాంటిదానివి "విప్పకు" అని రాశావు. నీ జన్మలో నువ్వు ఆ మాట అనగా నేను వినలేదు. ఏమిటి సంగతి?

నానమ్మ (సంతకం ఇలా పెడతారు)

*

జూలై 8

నానమ్మా,

పిన్ని మా ఆఫీసు ఫోనుకు చేసింది. డాక్టరుగారు నీ కుడిపక్క వెనగ్గా నిలబడి మూడుసార్లు పిలిచారట. మూడోసారి గట్టిగానే. నువ్వు పలకలేదట. ఎడమ పక్కకు వచ్చి పిలిస్తే అప్పుడు తిరిగావట. "ఏదో అంటున్నారట" అని రాశావు నాకు. ఆ "ట" దగ్గరే నాకు అనుమానం రావాల్సింది.

ఎన్నాళ్ళుగా? ఫోను పడదు, ఫోను పడదు అంటుంటే నీ మొండితనం అనుకున్నాను. గేటు బయటికి వెళ్ళి చేసినప్పుడల్లా నేనొకటి అడిగితే నువ్వొకటి చెప్పి పెట్టేసేదానివి. నా మీద విసుగేమో అనుకుని ఏడాది నుంచి చేయడం తగ్గించాను. నాకెందుకు చెప్పలేదు?

సరే, నేనూ నీకు ఒకటి చెప్పలేదు. చెబుతాను, తిట్టు.

దిమ్మ అడుగున కొత్తగా వచ్చినప్పుడు పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. బిగించే ముందు దాన్ని ఒలిచెయ్యాలి. ఒలవకపోతే వేడి దిమ్మకు ఎక్కదు. నువ్వు రాసిన లక్షణాలే వస్తాయి, ఉన్నవి ఉన్నట్టుగా. దిమ్మ గోరువెచ్చగా ఉందని నువ్వు రాసిన రోజు నుంచీ గుర్తుచేసుకుంటూనే ఉన్నాను, నానమ్మా. ఒలిచినట్టు గుర్తు లేదు. ప్రాసెసర్ మీద బూడిదరంగు పేస్టు బఠాణీ గింజంత పెట్టడం గుర్తుంది. రెంటి మధ్యా సందు లేకుండా పూడ్చేది అదే. పెట్టాక నీళ్ళు తాగొస్తానని లోపలికి వెళ్ళడం గుర్తుంది. వచ్చేసరికి తాత దిమ్మను సరిగ్గా కూర్చోబెట్టి పట్టుకుని ఉన్నాడు. ఇద్దరం కలిసి దాన్ని బిగించే లివరు నొక్కాం. పొర మాత్రం గుర్తు లేదు. నేను కట్టిన మొదటి యంత్రం అది. అది చూసే తాత "ఈ పిల్లకు ఇదే చదువు" అని మీ అందరితో వాదించి నన్ను ఈ చదువులో వేశాడు. నక్షత్రాలు వినే యంత్రాన్ని నా చేతుల్లో పెట్టారు, నేనేమో పదిహేనేళ్ళప్పుడు స్టిక్కరు ఒలవడం మర్చిపోయిన దాన్ని. అందుకే విప్పకు అన్నాను.

ఇప్పుడు విప్పు. ముందు పావుగంట పని చేయించు, పేస్టు మెత్తబడుతుంది. ఆపి, ప్లగ్గు పీకి, పెట్టె ఇనుమును ఒకసారి చేత్తో ముట్టుకో, ఒంటి మీద స్థిర విద్యుత్తు ఉంటే దిగిపోతుంది. ఫ్యాను వైరు తీసెయ్. లివరు ఎత్తు. దిమ్మను పైకి లాగకు, సీసా మూతలా కాస్త అటూ ఇటూ తిప్పుతూ వదులు చేసి ఎత్తు. కొత్త పేస్టు ట్యూబు ఈ కవరులోనే పెట్టాను. పాతది మెత్తటి గుడ్డతో తుడిచి, బఠాణీ గింజంత పెట్టు. ఎక్కువ వద్దు.

తర్వాత, నీకు వీలైతే, ఆ పనేమిటో చెప్పు.

నీ సందేహం

*

జూలై 16

సందేహానికి,

పద్ధతి ప్రకారం ముందు నా నేరం ఒప్పుకుంటాను.

కుడి చెవి పోయి ఏడాదిన్నర అయింది. ఎడమది కూడా జారిపోతోంది. ఏప్రిల్‌లో చెవి డాక్టరుగారు చెప్పారు, "జాగ్రత్తగా వినాలనుకున్నవి ఏమైనా ఉంటే ఆగస్టులోగా వినేయండి" అని. చెవికి యంత్రం పెడితే మాటలు తెలుస్తాయట గానీ, అది ఎవరి గొంతో పోల్చుకోవడం కష్టమట. నీకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే రోజూ అరుస్తూ ఫోను చేస్తావు. అరిచే గొంతు నీది కాదు. నాకు నీ గొంతే గుర్తుండాలని ఉంది. నా విసుగని నువ్వు అనుకుంటావని తట్టలేదు. చదువుకున్నదాన్నే గానీ అన్నీ తట్టవు.

ఇక పని. మీ తాత అలమారాలో తొమ్మిది క్యాసెట్లు దొరికాయి. ఆయనకు చేతులెప్పుడూ జిగురులోనే ఉండేవి కదా, కాగితం మీద రాసుకోలేక చిన్న టేపు రికార్డరు పెట్టుకుని పని వివరాలు దానికి చెప్పేవారు. "పని నంబరు ఫలానా, నాలుగు సంపుటాలు, నీలం గుడ్డ, వీపు మీద అక్షరాలు కిందికి." అంతే. ప్రేమలేఖలేం కావు. కానీ ఆ గొంతు ఆయనది. నేను వింటే బుసబుస తప్ప ఏమీ వినపడటం లేదు. ప్రెస్సు కిర్రుమనడం, కత్తి గీరుకోవడం, వాటి కింద ఎక్కడో ఆయన. చప్పుడు తీసేసి మాట మిగిల్చే ప్రోగ్రాం ఒకటుందని తెలిసి, టేపులు కంప్యూటరులోకి ఎక్కించి అది పెట్టాను. ఒక్కో వైపు శుభ్రం చేయడానికి నలభై ఐదు నిమిషాలు ఏకబిగిన పని చేయాలి. ఇది ఇరవై రెండుకే పడిపోతోంది, చేసిందంతా పోతోంది, మళ్ళీ మొదటికి. ఇరవై రెండో నిమిషం దాకా వచ్చి ఆగిన ప్రతిసారీ ఆయన నోరు తెరిచి, ఏదో చెప్పబోయి మానేసినట్టుండేది.

ఇప్పుడు విప్పిన సంగతి. నువ్వు చెప్పినట్టే, అక్షరం పొల్లు పోకుండా చేశాను. తిప్పుతూ ఎత్తమన్నావు. తిప్పే అవసరమే రాలేదు. పుస్తకం అట్ట తెరిచినంత సులువుగా వచ్చింది.

నీ ప్లాస్టిక్ పొర లేదు. వింటున్నావా? లేదు. దిమ్మ అడుగు అద్దంలా శుభ్రంగా ఉంది. నువ్వు ఒలిచావు. వారాల తరబడి నువ్వు మోసిన నేరం నువ్వు చేయలేదు. నీ చేతిపని అన్నానే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తేదీ వేసుకుని దాచుకో, మళ్ళీ దొరకదు.

ఉన్నదేమిటో తెలుసా? కాగితం. మైనం కాగితం. నీ పేస్టుకూ దిమ్మకూ మధ్య, సరిగ్గా దిమ్మ అడుగంత, నాలుగు మూలలూ మట్టం పెట్టి కోసినట్టు. వేడికి మైనం కరిగి ఇంకిపోయి, మధ్యలో చదరంగా గోధుమరంగు తిరిగింది.

ఈ ఇంట్లో అంత తిన్నగా కాగితం కోసే చెయ్యి ఒక్కటే. నీకు గుర్తుందో లేదో, తడి జిగురు పెట్టిన దేన్నైనా ప్రెస్సులో పెట్టే ముందు ఆయన మధ్యలో మైనం కాగితం పెట్టేవారు. పెట్టకపోతే తడి పక్క పుటకు ఎక్కి పుస్తకమంతా ఒక్క దిమ్మె అవుతుంది. నలభై ఏళ్ళ అలవాటు. నువ్వు పేస్టు పెట్టి నీళ్ళు తాగడానికి వెళ్ళావు. ఆయన చూశారు: తడి జిగురు, పైనుంచి నొక్కే బరువు, మధ్యలో ఏమీ లేదు. ఇంకేముంది, చెయ్యి దానంతట అదే వెళ్ళి ఉంటుంది.

ఇంట్లో భౌతికశాస్త్రం చెప్పే మనిషి ఉంది! కాగితం ఉష్ణవాహకమా కాదా అని పక్కగదిలోకి ఒక్క కేక వేస్తే చెప్పేదాన్ని కదా! తొమ్మిదేళ్ళు నేను దానికి తేలిక పనులే పెట్టాను కాబట్టి కాగితంతోనే నెట్టుకొచ్చింది. ఆ మనిషి మీద ఎంత కోపం వచ్చిందంటే, చాలా రోజుల తర్వాత ఆయనతో పోట్లాడినట్టు హాయిగా ఉంది.

పేస్టు బఠాణీ గింజంత పెట్టాను. బిగించాను. అరవై మూడు. నలభై ఐదు నిమిషాలూ అరవై మూడే, ఒక్క మెట్టు పైకి ఎక్కలేదు. మొదటి టేపు వైపు శుభ్రమైంది. "చట్టం పుస్తకాలు, ఎర్రతోలు, అంచులు కోయొద్దన్నారు." విన్నాను. ఎడమ చెవితో, ప్రతి మాటా.

కాగితం ఒక మూల పెన్సిలుతో అంకె ఉంది: 2316. ఏమిటో అర్థం కాలేదు.

టీచరు

*

జూలై 22

నానమ్మా,

నీ ఉత్తరం కంట్రోల్ రూములో చదివాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియక పక్కనున్నాయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఈసారి నీళ్ళు తాగేలోపు ఎవరూ ఏమీ పెట్టలేదు, చూసుకున్నాను.

తాత అలా పట్టుకుని నిలబడి ఉంటే, "సరిగ్గా కూర్చుందా తాతా?" అని అడిగాను కూడా. "నా చేతిలో పడ్డది వంకరగా కూర్చుంటుందా" అన్నాడు. ఎంత దొంగ!

2316 పని నంబరు నానమ్మా. కనపడని వైపు పని నంబరు వేయడం తాత అలవాటు, పుస్తకం వీపు గుడ్డ లోపల, అట్ట అడుగున. కంప్యూటరుకూ వేశాడన్న మాట! క్యాసెట్ల మీద ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా అని రాసి ఉంటుంది చూడు. 2316 ఎందులో ఉందో వెతుకు. ఆ రోజు కూడా అలమారా మీద రికార్డరు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, నాకు బాగా గుర్తు.

ఆగస్టు పన్నెండుకు సెలవు దొరికింది. వస్తున్నాను. నా కోసం ఆగకు, విను.

సందేహం

*

ఆగస్టు 1

సందేహానికి,

దొరికింది. ఏడో క్యాసెట్, రెండో వైపు. కేసు మీద 2290 నుంచి 2331 అని ఉంది. ఎప్పుడూ లేనిది, శుభ్రమయ్యేదాకా పెట్టె పక్కనే కూర్చున్నాను. ఇరవై రెండో నిమిషం వచ్చినప్పుడు ఊపిరి బిగపట్టాను. అది నా వైపు కూడా చూడకుండా దాటిపోయింది. అరవై రెండు.

విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"పని నంబరు రెండు వేల మూడు వందల పదహారు. కంప్యూటరు. కట్టింది మనవరాలు, నేను కూలీని." ఆ తర్వాత నీ గొంతు, "తాతా, ముట్టుకోకు, నీళ్ళు తాగొస్తా." తలుపు చప్పుడు. కాసేపు ఏమీ లేదు. కాగితం కోసిన చప్పుడు ఒక్కటి. నాకు తెలిసిన చప్పుడే, ఒకే కోత. అప్పుడు ఆయన, గొంతు తగ్గించి:

"పిల్ల వెళ్ళింది. జిగురు పచ్చిగా ఉండగానే బిగించేస్తుందట. మధ్యలో కాగితం పెట్టడం తెలీదు పాపం, చిన్నపిల్ల. నేను పెట్టేస్తున్నాను. చెప్పను, చిన్నబుచ్చుకుంటుంది. ఎప్పటికో ఎవరో ఒకరు దీన్ని విప్పుతారు. అప్పుడు దేనికీ దెబ్బ తగలకుండా ఊడి రావాలి కదా. టీచరమ్మకి తెలిస్తే మాత్రం నాకు పరీక్ష పెడుతుంది."

నిజంగానే పెట్టేదాన్ని. సున్నా వేసేదాన్ని కూడా. కానీ ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు భయపడ్డట్టు ప్రాసెసర్ దిమ్మకు అతుక్కుని రాలేదు, ఒక్క కాలు వంగలేదు. నా చేతుల్లోకి అలా వచ్చేసింది. మార్కులు దిద్దేటప్పుడు దానికెన్ని వేయాలో నాకు తెలియడం లేదు.

ఆ తర్వాత లివరు టక్కుమంది, మీరిద్దరూ కేరింతలు. వెనక ఎవరో గయ్యాళి మనిషి, "ఆ జిగురు చేతులతో నా తలుపు ముట్టుకున్నారంటే ఊరుకోను" అని అరుస్తోంది. ఎవరా ఇంత గట్టిగా అని విసుక్కున్నాను. కాసేపటికి తెలిసింది, నేనే. ఎంత బాగా వినపడేదో నాకు, పక్కగదిలోంచి మీ చేతుల జిగురు కూడా!

కాగితాన్ని ఈ ఉత్తరంలో పెట్టి పంపుదామనుకున్నాను. పోస్టులో మడతపడితే ఆయన ఒప్పుకోరు. రెండు అట్టల మధ్య పెట్టి ప్రెస్సులో ఉంచాను, నువ్వే తీసుకుందువు గానీ.

ఆ టేపు మూడుసార్లు విన్నాను. నాలుగోసారి బొత్తాం మీద వేలు పెట్టి తీసేశాను. చెవి ఇంకా ఎన్నాళ్ళుంటుందో తెలియదు. నాలుగోసారి నీతో కలిసి వినాలి.

పన్నెండో తేదీన రా. ఈ గదిలో రెండు కుర్చీలు వేసి ఉంచుతాను. నువ్వు నా ఎడమ పక్కన కూర్చో.

నానమ్మ